లారీకి వెన్నముద్ద

చలికాలమంతా అనీపా ఇంటి కిటికీ బయట చెక్క మీద ఐదు సీసాలు ఉంటాయి. ఆప్రికాట్ జాము పెట్టుకునే మామూలు గాజు సీసాలే. వాటిలో ఉండేది డీజిల్. ఏ లారీవాడు ఏ బంకులో పోయించుకొచ్చాడో గుర్తుండేలా మూతల మీద సుద్దతో గీతలు పెడుతుంది. పొద్దున్నే లేచి పొయ్యి రాజేసి, టీకి నీళ్ళు పెట్టి, అవి కాగేలోపు కిటికీ అద్దం మీద మంచుపొరను గోటితో గీకి, ఆ సందులోంచి సీసాలవంక చూస్తుంది. తేనెరంగులో తేటగా ఉంటే ఆ రోజుకి భయం లేదు. అడుగున పొగలాంటిది కదిలితే కాస్త కిరసనాయిలు కలుపుకోమంటుంది. సీసా మొత్తం మబ్బు పడితే మాత్రం ఆ డ్రైవరింటికి కబురు పంపుతుంది, "ఇవాళ బండి తీయొద్దు" అని.

కిర్గిజ్ కొండల నడుమ ఉన్న ఆ అట్-బాషి ఊళ్ళో డ్రైవర్లు రేడియో మాట వినరుగానీ ఆ సీసాల మాట వింటారు.

ఆ మబ్బంటే అనీపాకి భయం ఎంతో, ఇష్టమూ అంతే. అది మైనమని తెలుసు. డీజిల్లో కరిగి దాగిన మైనం చలికి పేరుకుంటుందనీ, పేరుకున్నది ఫిల్టరు కాగితాన్ని మూసేస్తుందనీ, గుక్క అందక ఇంజను ఆగిపోతుందనీ ముప్పై ఐదేళ్ళుగా తెలుసు. అయినా పొద్దుటి వెలుగులో ఆ తెల్లటి పొర సీసాలో మెల్లగా తిరుగుతుంటే, ఎండాకాలం కొండల మీద తిరిగిన మబ్బులు తలదాచుకోను చోటు లేక నూనెలో దూరాయేమో అనిపించేది. అలా చూస్తూ నిలబడిపోయేది. పొయ్యి మీద నీళ్ళు సగమయ్యేవి.

"అమ్మాయీ, నీ సీసాల్లో ఏ ఊరు కనపడుతోందే? ఇక్కడ ముసల్దానికి టీ చుక్క దొరికేది ఉందా?" అనేది అత్తగారు బత్మా, పరుపు మీంచి లేవకుండానే.

"వస్తున్నా అత్తమ్మా."

"వస్తున్నానని పెళ్ళైన కొత్తలోనూ అన్నావు. ఇంకా కిటికీ దగ్గరే ఉన్నావు."

ఇద్దరే ఉండేవారు ఆ ఇంట్లో. అనీపా భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. కూతురు పెళ్ళై దూరాన ఓ సరస్సు అవతలి ఊళ్ళో ఉంది. అత్తాకోడళ్ళు ఒకరినొకరు సాధించుకుంటూ, ఒకరు కనబడకపోతే ఇంకొకరు గుమ్మంలోకొచ్చి చూసుకుంటూ కాలం గడుపుతున్నారు.

అనీపా పుట్టింది కొండ దాటాక అక్సై లోయలో, గొర్రెల మందల మధ్య. తండ్రి కాపరి. బడి అట్-బాషిలో. ఎనిమిదో తరగతిలో ఉండగా తండ్రి మంచాన పడ్డాడు. ఇంటికి రమ్మని కబురొచ్చింది. పలకరించడానికి వెళ్ళిన పిల్ల మళ్ళీ బడికి రాలేదు. తండ్రి పోయాక మేనత్త తీసుకెళ్ళి సర్కారు పొలం గారేజీలో డీజిల్ కొలిచి పోసే పనిలో పెట్టించింది. అప్పుడు అనీపాకి పదిహేడు.

అక్కడ ఫిల్టర్లు చూసే ముసలాయన కాసిమాలి. ఎవరికీ ఏదీ నేర్పడని పేరు. అనీపా అడిగింది కూడా లేదు. కొలత డబ్బా పట్టుకుని పక్కన నిలబడి చూసేది. ఒకరోజు ఆయన తల ఎత్తకుండానే, "చూసింది చాల్లే, ఆ పానా ఇటివ్వు" అన్నాడు. ఏ సైజో అడక్కుండానే ఒకటి అందించింది. తీసుకుని చూస్తే సరిగ్గా నట్టుకి పట్టేదే. ఆ రోజు నుంచి ఆయన చేతులు ఏం చేస్తే ఆమె చేతులూ అదే చేశాయి. గిన్నె విప్పడం, అడుగున చేరిన నీళ్ళూ నలుసులూ ఒంపడం, రబ్బరు రింగు తుడిచి చూడడం, బిగించాక చేతిపంపు కొట్టి గాలి బుడగలు పోయేదాకా ఆగడం. కాగితం ఫిల్టర్లు దొరకని ఏడాది ఉన్ని అట్టను గుండ్రంగా కత్తిరించి ఫిల్టరు చేయడం కూడా ఆయన దగ్గరే చూసింది. గుడారాలు కప్పే ఉన్ని అట్టే అది. వేడినీళ్ళు చల్లి, చాపలో చుట్టి, ఆడవాళ్ళంతా కలిసి మోచేతులతో ఒత్తి ఒత్తి చేసేది.

సర్కారు పొలం ఎత్తేసినప్పుడు జనం గొర్రెలూ ట్రాక్టర్లూ వాటాలేసుకున్నారు. అనీపా తన వాటాకి పనిబల్ల, దానికి బిగించి ఉన్న, ఇనుప ముక్కల్ని కదలకుండా పట్టే వైసు అడిగింది. నవ్వారు. "పాలిస్తుందా ఆ బల్ల?" అన్నాడొకడు. అనీపా సిగ్గుతో తల వంచుకుంది గానీ బల్లను మాత్రం వదల్లేదు. నలుగురు మోసుకొచ్చి పెరట్లో రేకుల షెడ్డులో పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ షెడ్డులోనే ఆమె హీటర్లు పుట్టాయి. ఆమె ఉపాయం మరీ పెద్దదేం కాదు. సన్నటి రాగి గొట్టాన్ని ఫిల్టరు గిన్నె చుట్టూ పాములా చుట్టి, ఇంజనులో తిరిగే వేడినీళ్ళు ఆ గొట్టం గుండా పోయేలా కలుపుతుంది. ట్యాంకులో డీజిల్ పీల్చే చోట ఇంకో చుట్ట. పైన ఉన్ని అట్టతో కుట్టిన తొడుగు. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఫిల్టరు వెచ్చగా ఉంటుంది. అంతకు ముందు డ్రైవర్లు కర్రకు గుడ్డ చుట్టి, మంట పెట్టి, ట్యాంకు కింద పట్టుకుని కూర్చునేవారు. కనుబొమ్మలు కాలని డ్రైవరు ఆ దారిలో ఉండేవాడు కాదు.

"మా వదిన లారీకి లాగు కుట్టింది చూశారా!" అని మొదటి తొడుగును ఊరంతా తిప్పి చూపించినవాడు షర్షెన్. అనీపా భర్తకి పినతండ్రి కొడుకు. మరిది గనక ఏమన్నా చెల్లుతుంది. ఆరు చక్రాల ముసలి లారీ ఒకటి ఉంది అతనికి. లారీ ఎంత పొగ వదిలేదో అతనన్ని మాటలు వదిలేవాడు. చాలామంది బండ్లకి హీటర్లు బిగించుకున్నా అతను మాత్రం బిగించుకోలేదు. "నా బండి కిర్గిజ్ బండి వదినా, చలేస్తే చెప్పుకోదు" అనేవాడు.

ఆ జనవరిలో జరగకూడనిది జరిగింది. నాలుగు రోజులు తప్పుడు ఎండ కాసి మంచు పైపైన కరిగింది. ఐదోరోజు చలి మళ్ళీ విరుచుకుపడింది. కరిగిందంతా అద్దంలా బిగిసిపోయింది. పొడి మంచైతే గొర్రెలు కాలితో గీరి కింది గడ్డి మేస్తాయి. ఈ అద్దాన్ని గీరలేవు. గిట్టలు చీలి రక్తాలొస్తాయి తప్ప గడ్డి అందదు. దాన్ని జూత్ అంటారు. కాపరులు ఆ మాట గట్టిగా పలకరు.

అక్సైలో అనీపా తమ్ముడు ఎసెన్‌కుల్‌ది మూడు వందల గొర్రెల మంద. ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళ గొర్రెలు కూడా అందులోనే ఉన్నాయి. ఫోను పలికే గుట్ట ఎక్కి మాట్లాడాడు. గాలికి మాట సగమే వినబడుతోంది.

"అక్కా, గడ్డి రెండు రోజులకే ఉంది. ఎవరన్నా వస్తారా?"

"నిన్న రెండు లారీలు బయల్దేరాయిరా. రాలేదా?"

"లేదే. కనుమ కింద కూడా ఎవరూ లేరు."

హీటర్లు లేని ఆ రెండు లారీలూ సగం దారిలో డీజిల్ పేరుకుని ఆగిపోయి, ఒకదాన్ని ఒకటి లాక్కుంటూ ఆ సాయంత్రానికి తిరిగొచ్చాయి. వాటి ఇంజన్లు విప్పి శుభ్రం చేసుకోవడానికే వారం పట్టేలా ఉంది. హీటర్లున్న బండ్లన్నీ అప్పటికే బేరాల మీద దూరం పోయాయి. మిగిలింది షర్షెన్ లారీ ఒక్కటే. మర్నాడు పొద్దున గడ్డి ఎత్తించుకుని అతనే షెడ్డు ముందుకొచ్చి ఆపాడు. దిగి, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి మరిదిగారూ, దారి తప్పి వచ్చారా?" అంది అనీపా.

"లాగు కుట్టించుకుందామని వచ్చా వదినా. నాక్కాదు, బండికి."

"చలేస్తే చెప్పుకోదన్నావుగా."

"చెప్పుకుంది. నాతో చెప్పుకుంటే పట్టించుకోనని నీ దగ్గరికి తీసుకెళ్ళమంది."

నవ్వడానికి తీరిక లేదు. మధ్యాహ్నం దాకా లారీ కింద పడుకుని ట్యాంకు చుట్ట బిగించింది. ఆ తర్వాత ఫిల్టరు గిన్నె విప్పి, కడిగి, లోపల కాగితం ఫిల్టరు కుదిర్చి బల్ల మీద పెట్టింది. రాగి గొట్టం వంచడానికి పొయ్యి మీద కాలుస్తుంటే బత్మా కర్ర పొడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది. ఒక చేతిలో గుడ్డ కప్పిన చిన్న గిన్నె ఉంది.

"ఇదేనా కొత్తగా పెట్టేది?"

"ఇదే అత్తమ్మా."

"ఎసెన్ గొర్రెల దగ్గరికి పోయేది ఇదేనా?"

"ఇదే. కాస్త జరగండి, గొట్టం కాలుతోంది."

"దీని నోరెక్కడే?"

అనీపా చెయ్యి ఊరికే బల్లవైపు ఊపింది. "అదిగో, ఆ గిన్నెలోంచే తాగుతుంది." అని గొట్టంవైపు తిరిగింది. రాగి ఎర్రబడి, మెత్తబడి, చెప్పినట్టు వంగే క్షణం ఒకటి ఉంటుంది. అది దాటితే చీలిపోతుంది. ఆ రంగు మీదే ఆమె చూపంతా ఉంది. వెనకాల ముసలావిడ ఏదో గొణుగుతోంది. ప్రార్థనో, పాటో. తర్వాత కర్ర చప్పుడు దూరమైంది.

గిన్నె బిగించేముందు లోపలికి లాంతరు పట్టి చూడడం అనీపా అలవాటు. ముప్పై ఐదేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆ వేళ చెయ్యి లాంతరు మీదికి వెళ్తుండగా ఫోను మోగింది.

"అక్కా," అన్నాడు ఎసెన్‌కుల్.  "గొర్రెలు పడిపోవడం మొదలైంది."

అనీపా ఫోను జేబులో పెట్టుకుని, గిన్నె తీసి, బిగించేసింది.

* * *

తెల్లవారుతుండగా బయల్దేరారు. కొత్తగా హీటరు పెట్టిన బండికి మొదటి ప్రయాణంలో అనీపా తోడు వెళ్తుంది. అది ఆమె పెట్టుకున్న నియమం. వెనక కొండంత గడ్డి, తాళ్ళు బిగించి. ఊరు దాటాక చెట్లు లేవు. తెల్లటి నేల, దాని మీద నీలపు నీడలు, ఆ పైన గులాబి రంగు తిరుగుతున్న శిఖరాలు. చలి సున్నాకి ముప్పై ఐదు కిందికి పోయి ఉంటుంది. గాలిలో మంచు రజను మెరుస్తూ, కిందికి పడదు, పైకి పోదు. లారీ ఆ మెరుపులో ఈదుకుంటూ పోతున్నట్టుంది.

అనీపా చెవి ఇంజను మీదే ఉంది. మోత నిండుగా వస్తోంది. మెల్లగా కళ్ళు బరువెక్కాయి. చిన్నప్పుడు ఇదే దారిలో, వేసవిలో, ఒంటె మీద గుడారం కర్రల మధ్య కూర్చుని వెళ్ళింది. ఒంటె నడక, లారీ ఊపు కలిసిపోయాయి. తండ్రి ముందు నడుస్తున్నాడు, వెనక్కి తిరగడం లేదు. పిలుద్దామంటే నోరు మెత్తగా మూసుకుపోతోంది...

"వదినా, నీ హీటరు పాడుతోందా, నువ్వు గురక పెడుతున్నావా?"

"నేను నిద్రపోలేదు."

"అవునులే, మా అన్న కూడా అదే అనేవాడు."

కనుమ ఎక్కబోయేముందు ఆఖరి ఇల్లు రోడ్డు పనివాళ్ళది. దాని ముందు రోడ్డు మధ్యలో ఒక పడుచు పిల్ల నిలబడి ఉంది. రెండు చేతుల్లో గుడ్డ, గుడ్డలో రొట్టె. సాల్కిన్ ఆమె పేరు. మొగుడు మంచు తోసే బండి తీసుకుని ముందు రోజే కనుమ మీదికి వెళ్ళాడు. రొట్టె పట్టుకుని ఎదురొచ్చిన మనిషిని దాటి ఏ కిర్గిజ్ బండీ పోదు. ఒక్క ముక్క విరిచి నోట్లో వేసుకోవాలి. కాదంటే ఆ ఇంటి మీద అలిగినట్టు.

"ముక్క విరిచి పోదాం, ఇంజను ఆపకు," అంది అనీపా.

కానీ గాలి ఎదురు తిరిగింది. లారీ పొగంతా తిన్నగా ఇంటి గుమ్మంలోకి పోతోంది. లోపలినుంచి పసిబిడ్డ దగ్గు వినబడింది. దగ్గో తుమ్మో, పిచ్చుక అరిచినంత.

"ఎన్ని రోజుల బిడ్డమ్మా?"

"ఇరవై రెండు, అక్కా."

నలభై రోజులు నిండని బిడ్డ. అనీపా ఫిల్టరు తొడుగులో చెయ్యి పెట్టి చూసింది. గొట్టం వెచ్చగా ఉంది. డీజిల్ పేరుకోవాలంటే ఈ తొడుగులో గంటకి పైనే పడుతుంది. "ఆపెయ్యి," అంది. "పావుగంటకి ఏమీ కాదు. నేను చెప్తున్నాగా."

ఆపాడు. లోపల రొట్టె, ఉప్పు వేసిన పాల టీ. సాల్కిన్ బిడ్డను చూపించింది. షర్షెన్ బిడ్డ ముందు తన మీసం ఆడించి, "వీడు డ్రైవరవుతాడు, నన్ను చూసి హారన్ కొట్టాడు" అన్నాడు. పావుగంటకి లేచారు.

ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి అదీ లేదు.

షర్షెన్ తాళం వదిలేసి కిందికి దిగాడు. అనీపా కూడా దిగింది. తొడుగు విప్పి పట్టుకుంది. గిన్నె ఇంకా గోరువెచ్చగానే ఉంది. డీజిల్ పేరుకునే చలి కాదిది. సాల్కిన్ తెచ్చిన వేడినీళ్ళు పోసింది. ఇంజను అంటుకుంది, పది గుక్కలు తాగి మళ్ళీ ఆగింది. ఇక తప్పక గిన్నె విప్పింది.

కాగితం ఫిల్టరు మడతల నిండా పచ్చటి పూత. గిన్నె అడుగున మెత్తటి ముద్ద. వేలితో తీసి వాసన చూసింది. డీజిల్ కంపులోంచి కూడా తెలిసింది. పసుపురంగు వెన్న.

అప్పుడు ఆ కర్ర చప్పుడు గుర్తొచ్చింది. పుట్టిన బిడ్డకి మొదట నోట్లో పెట్టేది వెన్నే. వయసులో పెద్దవాళ్ళు, మంచిచెడ్డలు చూసినవాళ్ళు, వేలితో తీసి పెడతారు. నోరు పండాలని, బతుకు మెత్తగా సాగాలని. కొత్తగా పుట్టిన హీటరుకి ముసలావిడ తన చేత్తో పెట్టి వచ్చింది. బిడ్డకైతే గోరంత. లారీ నోరు పెద్దదని గుప్పెడు పెట్టినట్టుంది. ఇంజను తిరిగినంతసేపూ వేడికి కరిగి డీజిల్‌తో కలిసిపోయింది. ఆపగానే, డీజిల్ కన్నా ముందే, కాగితం మీద పేరుకుంది.

షర్షెన్ వంగి చూశాడు. తనూ వేలు పెట్టి వాసన చూశాడు. 

"పెద్దమ్మా?"

అనీపా తల ఊపింది. "తప్పు నాదే. లాంతరు పట్టి చూడలేదు."

"రొట్టె కూడా పెట్టాల్సింది. పూర్తి భోజనం అయ్యేది."

"స్పేరు ఫిల్టరు తియ్యి."

"లేదు వదినా. మొన్న కనుమ అవతల ఒకడు ఆగిపోయుంటే ఇచ్చేశా. దారిలో చెయ్యి చాపినవాడికి లేదంటామా? నీ దగ్గర?"

"నా దగ్గర ఆఖరిది ఇదే."

ఇద్దరూ గడ్డివైపు చూశారు. ఎండ అప్పటికే తెల్లబడింది. కనుమ దాటడానికి రెండు గంటలు, అక్కడినుంచి మంద దాకా ఇంకో గంట. ఊరికి కబురు పంపి, నరీన్ పట్నం నుంచి ఫిల్టరు తెప్పించి బిగించేసరికి రెండ్రోజులు. ఎసెన్‌కుల్ దగ్గర గడ్డి ఇవాళ్టితో సరి.

అనీపా లోపలికి వెళ్ళింది. అడగడం ఆమెకి ఎప్పుడూ కష్టమే. గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ, "అమ్మాయీ, ఉన్ని అట్ట ఏమన్నా ఉందా? మందంగా ఒత్తింది. రంగు వేయనిది," అంది.

నేల మీద పరిచినవన్నీ రంగులవే. రంగు ఉన్ని డీజిల్లో రంగు వదులుతుంది, దారాలూ వదులుతుంది. సాల్కిన్ మూలకు వెళ్ళింది. పెట్టె తెరిచి అడుగునుంచి చుట్టిపెట్టిన తెల్లటి అట్ట తీసింది. గొర్రెపిల్లల మొదటి ఉన్ని. తాకితే చెయ్యి అందులో దిగిపోయేంత మెత్తన, వంచితే వంగనంత బిగువు.

"ఎవరు చేశారమ్మా?"

"మా అమ్మ. ఉయ్యాల్లో వేసేరోజు వాడి కింద పరచమని."

అనీపా చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దులే. వేరేది చూద్దాం."

సాల్కిన్ అట్టను అక్కడే పరిచింది. బిడ్డను భుజానికెత్తుకుని అలమారలో, కిటికీ మీద, దిండు కింద వెతకడం మొదలుపెట్టింది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"కత్తెర, అక్కా. ఇక్కడే పెట్టా."

టీ తాగే చిన్న గిన్నెను బోర్లించి, బొగ్గుతో గీసి, గుండ్రంగా కత్తిరించింది అనీపా. ఒక్కోదానికి మధ్యలో కన్నం. పద్నాలుగు బిళ్ళలయ్యాయి. ఒక్కోదాన్ని మంట మీద చూపించి పైనున్న నూగు కాల్చింది. ఉన్ని పోగు ఒక్కటి పంపులోకి పోయినా ముప్పే. కాలిన ఉన్ని వాసన ఇల్లంతా కమ్మింది. తర్వాత వాటిని తేట డీజిల్లో నానబెట్టి, ఫిల్టరు మధ్య గొట్టానికి ఒకదాని మీద ఒకటి గుచ్చి, గట్టిగా నొక్కింది. కాసిమాలి వేళ్ళు ఎలా నొక్కేవో తన వేళ్ళు అలాగే నొక్కుతుంటే చూస్తూ ఉంది. ఎవరో వేరే మనిషి చేతుల్ని చూస్తున్నట్టు.

"వదినా, ఇది ఆడుతుందా?" షర్షెన్ గొంతు తగ్గించి అడిగాడు. నవ్వు లేదు మొహంలో. "పోగు పోయి పంపు పట్టేస్తే? పంపు పోతే నా బండి ఇక బండి కాదు. గొర్రెల దొడ్డికి తలుపు."

"పట్టేయొచ్చు. కాల్చాను, నానబెట్టాను, అయినా పట్టేయొచ్చు. అబద్ధం చెప్పను."

"వెనక్కి వెళ్దామంటే?"

"నీ బండి నీ ఇష్టం. నేనేం అనుకోను."

షర్షెన్ మీసం మీద గడ్డకట్టిన ఊపిరిని వేళ్ళతో విరుచుకున్నాడు. రోడ్డువంక కాసేపు చూశాడు. "ఇన్నేళ్ళూ దీనికి లాగొద్దన్నా," అన్నాడు. "ఇప్పుడు తొడిగాక విప్పితే నవ్వుతారు. బిగించు."

గిన్నె కిరసనాయిలుతో రెండుసార్లు కడిగింది. లాంతరు అడిగి తెప్పించుకుని, పట్టపగలు, లోపలికి పట్టి చూసింది. బిగించింది. గొట్టాలు విప్పి వెన్న కలిసిన డీజిలంతా ఒంపేసింది. చేతిపంపు కొడుతుంటే ముందు నురగ వచ్చింది, తర్వాత బుడగలు, తర్వాత తేనెరంగు ధార, ఒక్క బుడగ లేకుండా. 

ఇంజను మొదటిసారికే అంటుకుంది.

కనుమ దారి మొదలైంది. రెండుసార్లు మోత సన్నబడింది. రెండుసార్లూ షర్షెన్ గేరు తగ్గించి, బండిని కాలితో కాదు, గుండెతో నడుపుతున్నవాడిలా ముందుకు వంగాడు. రెండుసార్లూ మోత మళ్ళీ నిండింది. అనీపా కళ్ళు మూసుకుంది. తెల్లటి ఉన్నిలోంచి డీజిల్ చుక్కచుక్కగా దిగుతోంది. ఏ వేసవిదో ఒక గొర్రెపిల్ల వీపు మీద వాన పడి, ఉన్ని లోపలికి ఇంకి, ఇంకి, చర్మం దాకా చేరుతున్నట్టు. లారీ చప్పుడు లోయంత అయింది. తను ఎక్కడా లేదు. ఆ చుక్క ఒక్కటే ఉంది, దిగుతూ.

కళ్ళు తెరిచి చూస్తే దారి కిందికి వాలుతోంది. అక్సై కనబడింది. అంచు తెలియని తెల్లదనం, దాని మీద అద్దంలాంటి మెరుపు. దూరంగా బూడిదరంగు మరక ఒకటి. దగ్గరైనకొద్దీ అది గొర్రెలైంది.

అవి అరవడం లేదు. ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. కనురెప్పల మీద, మూతుల మీద మంచు. పక్కగా, మంచు కప్పేసిన చిన్న దిబ్బలు కొన్ని వరసగా ఉన్నాయి. అవేమిటో అనీపాకి చెప్పక్కర్లేదు. వాటిని దాటి ఎసెన్‌కుల్ పరుగెత్తుకొస్తున్నాడు. అద్దం మీద జారి పడి, లేచి, మళ్ళీ పరుగెత్తి వచ్చాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"ఎన్నిరా?" అంది అనీపా దిబ్బలవైపు చూస్తూ.

"పంతొమ్మిది." లారీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మధ్యాహ్నానికే వస్తారనుకున్నానక్కా. గుట్టెక్కి చూస్తూనే ఉన్నా. ఎందుకింత ఆలస్యమైంది? హీటరు పని చేయలేదా?"

అనీపా నోరు తెరిచింది. చెప్పాలి. ఆ దిబ్బల్లో ఆలస్యమైన ఆ మూడు గంటల్లో పడినవి ఎన్నో ఆమెకి తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. చెప్తే సాయంత్రానికి గుట్ట మీదినుంచి ఫోనులో ఊరికి తెలుస్తుంది. రేపటికి పరుపు మీదున్న ముసలావిడ చెవిన పడుతుంది. చెప్పకపోతే...

షర్షెన్ ముందే దిగి తాళ్ళు విప్పుతున్నాడు.

"హీటరుకేం, రాయిలా ఉంది," అన్నాడు తల తిప్పకుండా. "ఆ ఆఖరి ఇంటి దగ్గర టీకి ఆగాం. మీ అక్క మూడు గిన్నెలు తాగింది. లేవదే! నేను మొత్తుకుంటూనే ఉన్నా."

ఎసెన్‌కుల్ అక్కవంక చూశాడు. కోపం రాబోయి, అలసటకి ఆగిపోయింది. అనీపా ఆ చూపుని తల వంచి తీసుకుంది. ఇంట్లో ముసలావిడని తలుచుకుంటే ఆ చూపు బరువుగా అనిపించలేదు.

మొదటి గడ్డిమోపు కిందపడింది. మందలో ఒక్కసారి కదలిక పుట్టింది. ఆకు మీదికి గాలి వచ్చినట్టు, చప్పుడు లేకుండా, వరస వరసగా తలలు తిరిగాయి. రెండో మోపు పడ్డాక అరుపులు మొదలయ్యాయి.

అనీపా గడ్డి దించడానికి వెళ్ళలేదు. ఇంజను ఆగకూడదు. ముందుకొచ్చి, ఫిల్టరు తొడుగు మీద చెయ్యి వేసి నిలబడింది. వెచ్చగా ఉంది. విరిగిన మోపులోంచి జూలై నెల లేచి వచ్చింది. ఎండిన పుదీనా వాసన, తేనె వాసన, ఎవరో కొడవలి పట్టి పాడుకుంటూ కోసిన మధ్యాహ్నం. ఒక ముసలి గొర్రె గడ్డి పరకలతోపాటు ఎండి నీలంగా మిగిలిన పువ్వొకటి పీక్కుంది. కాసేపు ఆ పువ్వు దాని మంచు మూతి పక్కన వేలాడుతూ ఉంది. తర్వాత అది కూడా లోపలికి పోయింది.